క్షేమం దగ్గర తెగిన తిట్టు

అల్వాల్, ఆదివారం రాత్రి

మనవరాలి నిశ్చితార్థంలో పెళ్లివారి ముందు పక్కింటి యాదగిరి విసిరిన మాట ఇంకా గుచ్చుతోంది. "మా మల్లన్నకు నోరు లేదు. ఈ సంబంధం సుత వదినే మాట్లాడింది." అందరూ నవ్వారు. నేను తల వంచుకున్నాను.

అందుకే నిన్న, ఉచితంగా మెసేజ్‌లు పంపే వెబ్‌సైట్ నుంచి వాడి ఫోన్‌కు మెసేజ్ పెట్టి కడుపారా తిట్టాను. అందులో మన నంబరు కనపడదు. కానీ ఊరి బడిలో నేర్పిన ఉత్తరాల అలవాటు పోలేదు. "ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అనే మొదలుపెట్టాను.

పొద్దున పాల దుకాణం దగ్గర వాడు ఫోన్ అందరికీ చూపిస్తున్నాడు.

"చూడు మల్లన్నా, ఎవరో పేరు సుత చెప్పకుండ నా క్షేమం అడిగిన్రు. గిదీ ఇజ్జత్ అంటే! నిన్నెవరన్న అడిగిన్రా?"

తొంగి చూశాను. ఆ సైట్ కొన్ని అక్షరాలే పంపుతుందట. క్షేమం వరకు వెళ్లింది, తిట్లన్నీ తెగిపోయాయి. పాలు తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు ఇంకోటి రాశాను. మొదటి అక్షరం నుంచీ తిట్టే. చివర కొంచెం చోటు మిగిలింది. చెయ్యి క్షేమం వైపే పోయింది. ఆపుకుని, ఆ చోట్లో ఇంకో తిట్టు పెట్టి పంపాను.