గంజి పెట్టిన కవచం

ధనశ్రీ,

లేవంగనే నానమ్మతోని లొల్లి వెట్టుకోకు. గంజి పెడితె చీరలు గట్టిగైతయి గదా అని, నీ నాటకం కోసం జేసిన అట్టల కవచాన్ని గూడ గంజిల ముంచింది. పాపం, నీకు సాయం జేద్దామనే జేసింది.

మెత్తవడ్డదని ఎండల పెట్టకు, వంకర వోతది. ఫ్యాన్ కింద ఆరనియ్యి. ఆరినంక నా పాత నూలు చీర పేలికలు జేసి, ఉడికిచ్చిన మైదాతోని లోపలొక వరుస, బయటొక వరుస అతికియ్యి. మైదాల జర మైలుతుత్తం కలుపు, లేకపోతె బొద్దింకలు తింటయి. అది విషం, ఆ గిన్నె మల్ల వంటకు వాడకు.

మీ నాయన అట్ట గట్టివడనీకి మల్లాపూర్ల తన కంపెనీకెళ్లి రెజిన్ జిగురు తెస్తనన్నడు. నేనే వద్దన్న. ఆ వాసనకు నానమ్మకు దగ్గు లేస్తది.

మొదటి సీన్లనే సచ్చిపోయే సిపాయికి గింత కవచమెందుకని ఆయనకు ఒకటే నవ్వు. నాకైతె నవ్వు రాలే.

పప్పు పొయ్యి మీదున్నది, తిను. నేను డ్యూటీకి వోతున్న.

అమ్మ

ఇంకోటి. ఎల్లుండి స్టేజి మీద సచ్చి పడ్డంక, నాకు తప్ప ఇంకెవ్వలకు కనవడకుంట కాలి బొటనవేలు ఒక్కసారి కదిలియ్యి బిడ్డా. ముందు వరుసలనే కూసుంట. గది సూస్తెనే నాకు పానం నిమ్మలమైతది.