పదకొండు గిల్టు మూటలు

ఆళ్లగడ్డ,
4-8-2025, సోమవారం.

నా బంగారుతల్లి సుజాతకు (నీ లెక్కన ఇకమీదట గిల్టుతల్లీ అని రాయాలేమో), నాయన మనసు నిండా దీవించి రాస్తున్నది.

అమ్మా, నిన్నటి పేపర్లో నీ ఫోటో చూశాను! 'పాత గిల్టు నగలకు ప్రాణం పోస్తున్న నంద్యాల టీచరమ్మ' అని ఎంత పెద్ద అక్షరాలతో వేశారు తల్లీ! తొమ్మిది పేపర్లు కొన్నాను. పదోది టీ హోటల్లో ఉంటే, ఓనరును అడిగి నీ ముక్క మటుకు చించుకొచ్చాను. 'బంగారం కొనుక్కోవలసిన వయసులో ఈ తుక్కంతా ఎందుకే' అని ఇన్నేళ్లూ నిన్ను తిట్టిన నోరు ఇదే. ఆ నోటితోనే ఇప్పుడు బజారంతా చెప్పుకొస్తున్నాను.

ఇరవై నాలుగో తేదీ ఆదివారం మీ బడి హాల్లో ప్రదర్శన పెడుతున్నానని, నలభై ఏళ్లు దాటిన గిల్టు నగలు ఇంకొన్ని కావాలని అన్నావు కదా. ఇక చూసుకో మీ నాయన పని! బస్సు మెట్లు ఎక్కడానికి మోకాలు ఒప్పుకోదు గనుక ఇస్సాకు ఆటో మాట్లాడుకున్నాను. మొదటి రోజే కోయిలకుంట్లలో ఒక కాసులపేరు, ఒక జత కెంపురాళ్ల కమ్మలు, ఒక వంకీ దొరికాయి. అమ్మినామె మూడు వందలు అడిగితే సంతోషం పట్టలేక నాలుగు వందలిచ్చాను. ఇస్సాకు తల కొట్టుకున్నాడు.

"యాడన్నా కొనేటోడే రేటు పెంచుతాడా పెద్దాయనా? నువ్వు ఆటోలోనే కూచో. ఇంగ బేరం నేను చేస్తా."

నగలు బస్సు పార్శిలులో పంపుతున్నాను. ఫోనులో నీ మాట సగమే వినపడుతుంది; మిగతా సగం మీ అమ్మ కల్పించి చెబుతుంది. అందుకని డబ్బాలోనే ఉత్తరం పెట్టాను. నువ్వూ ఖాళీ డబ్బాలో జవాబు పెట్టి పంపు.

ఇట్లు,
కాళ్లు నేలమీద ఆనని మీ నాయన,
సుబ్బయ్య.

తా.క. నగల మీద యాభై ఏళ్ల నలుపు పేరుకుంది. నీకు శ్రమ ఉండకూడదని చింతపండు, బూడిద పెట్టి రెండు గంటలు తోమాను. ఇప్పుడు నిన్న చేసినట్టు ధగధగలాడుతున్నాయి!


నంద్యాల,
6-8-2025, బుధవారం.

నాయన కాళ్లకు దణ్ణం పెట్టి, ఆ తర్వాత తల పట్టుకుని సుజాత రాస్తున్నది.

డబ్బా తెరిచి, వేరేవాళ్ల పార్శిలు వచ్చిందేమోనని పైన చిరునామా చూశాను. నాయనా, ఆ నలుపే కదా వాటి వయసు! బంగారమైతే తూకానికి విలువ. గిల్టుకు తూకమెక్కడిది? ఎన్నేళ్ల కింద చేశారు, ఎవరు పెట్టుకున్నారు, అదే దాని విలువ. నువ్వు యాభై ఏళ్లను రెండు గంటల్లో తోమి పారేశావు. లోపలి ఇత్తడి బయటపడింది.

ఇకమీదట చింతపండు వద్దు, బూడిద వద్దు, తడిగుడ్డ కూడా వద్దు. వచ్చింది వచ్చినట్టే పంపు. ఎవరిచ్చారో వాళ్ల పేరు, ఆ నగ ఎప్పుడు పెట్టుకున్నారో అడిగి రాయి. ప్రతి నగ పక్కనా చిన్న కార్డు పెడతాను.

నీమీద కోపం లేదు. కొంచెం ఉంది. రేపటికి పోతుంది.

ఇట్లు,
నీ కూతురు సుజాత.

తా.క. మా ఏడో తరగతి పిల్లలు నీ కాసులపేరు చూసి "కొత్తదా మిస్?" అన్నారు. ఆ కోపం మాత్రం ఎల్లుండికి పోతుంది.


ఆళ్లగడ్డ,
11-8-2025, సోమవారం.

నా కంటివెలుగు సుజాతకు, తడిగుడ్డ జోలికి పోకుండా నాయన దీవించి రాస్తున్నది.

నీ మాట జవదాటడం లేదు. మీ అమ్మ ఒక జడబిళ్లను కొంగుతో తుడవబోతే నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు! రుద్రవరంలో అంకమ్మ ఉంది కదా, మీ అమ్మ స్నేహితురాలు, శనగ వేసే వెంకటేశు భార్య. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని నీ పేపరు ముక్క చదివి వినిపించాను. "గిల్టా? పాతదా? నంద్యాలకు పోతాదా? మళ్లా ఊర్లో కనపడదు గదా?" అని మూడుసార్లు అడిగింది. మర్నాడు మగవాళ్లు చేలకు పోయిన వేళకు రమ్మంది. పోతే పదకొండు మంది ఆడవాళ్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గుడ్డమూట! నేను జేబులో చేయి పెట్టబోతే అంకమ్మ కసిరింది.

"దుడ్లు ఎవరడిగిరన్నా? తీస్కపో. బేగా తీస్కపో."

"ఏది ఎవరిదో పేర్లన్నా చెప్పండమ్మా. మా పాప కార్డు రాస్తాది."

"పేర్లు గీర్లు ఏం వద్దు. ఇంట్లో అడిగితే మేం చెప్పుకుంటాంలే. నువ్వు మాత్రం నోరిప్పాకు."

చూశావా తల్లీ, నీ పని మీద వాళ్లకు ఎంత గౌరవమో! నేను ఆటోలో ఏడ్చాను. ఇస్సాకు అద్దంలో చూసి, "బేరం లేకుంటే నేనెందుకు ఈడ?" అని అలిగాడు.

ఇట్లు,
పదకొండు మూటలు ఒళ్లో పెట్టుకుని రాస్తున్న నాయన,
సుబ్బయ్య.

తా.క. నాకు మర్యాద పెరిగిపోయింది. రుద్రవరంలో టీ తాగితే డబ్బు పుచ్చుకోలేదు. ఒకాయన చెప్పులు విడిచి నాతో మాట్లాడాడు. పేపర్లో పడటమంటే మాటలా!


నంద్యాల,
13-8-2025, బుధవారం.

నాయనకు సుజాత సగం సంతోషంతో, సగం అనుమానంతో దణ్ణం పెట్టి రాస్తున్నది.

మూటలు విప్పి గంతులేశాను. పదకొండు హారాలూ అసలు బంగారు హారాన్ని ఎదురుగా పెట్టుకుని అచ్చం దానిలాగే చేసినవి. ఒకదానికి అరిగిన కొక్కెం కూడా అరిగినట్టే చేశాడు ఆ పనివాడు. నా బీరువాలో ఇలాంటిది ఒక్కటీ లేదు. ప్రదర్శనకు ఇక వీటినే ముందు వరసలో పెడతాను.

కానీ నాయనా, ఇంత ముచ్చటైన వాటిని ఎవరైనా ఊరికే ఇస్తారా? పేర్లెందుకు వద్దన్నారు? పేపర్లో పడింది నేనైతే, ఆయన నీ ముందు చెప్పులెందుకు విడిచాడు? కనుక్కో.

ఇట్లు,
సుజాత.

తా.క. మా హెడ్‌మిస్ ఒక హారం మెడలో వేసుకుని ప్రార్థన చేయించి వచ్చింది. గిల్టని ఎవరూ పట్టలేదు. అడిగి తీసుకోవలసి వచ్చింది.


ఆళ్లగడ్డ,
18-8-2025, సోమవారం.

నా తల్లి సుజాతకు, తలుపు గడియ వేసుకుని నాయన దీవించి రాస్తున్నది.

చెప్పులెందుకు విడిచాడో తెలిసింది.

నిన్న వెంకటేశు టెంకాయ, పూలు పట్టుకుని వచ్చాడు. మీ అమ్మ కూడా అక్కడే ఉంది.

"అన్నా, అమ్మవారి ప్రతిష్ఠ ఏ దినం పెట్టుకుంటాండావ్?"

"ఏ అమ్మవారప్పా?"

"నా దగ్గర దాపరికమేందీ? రాతి విగ్రహం చెక్కిస్తాండావంట గదా! మా అంకమ్మ నాలుగు తులాల హారం అమ్మవారికి ఇచ్చేస్తి అనె. పదకొండు ఇండ్లల్లో ఇదే మాట. అంత బంగారం ఇంట్లో పెట్టుకున్యావు, తలుపులు బాగా ఏసుకో."

మన ఆళ్లగడ్డలో ఏ వీధికి పోయినా ఉలి చప్పుడే కదా. నేను విగ్రహం చెక్కిస్తున్నానంటే నమ్మనిదెవరు? ఇస్సాకు ఆటోలో అంకమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది.

"నలభై ఏండ్లాయె అన్నా. పిల్లోనికి ఆపరేషన్ అంటే అసలుది అమ్మేస్తి. దుడ్లు మా అన్న ఇచ్చినాడని చెప్తి. ఈయప్ప దిగులు పడతాడని ప్రొద్దుటూరులో అట్లాంటిదే గిల్టుది చేపిస్తి. అప్పటినుంచి పెట్టె తెరిస్తే గుండె దడ. అందరిదీ ఇదే కత. ఒగామె బోరుకు, ఒగామె ఎద్దులకు. పారేయల్యాము, ఇంట్లో పెట్టుకోల్యాము. అమ్మవారికి ఇచ్చినామంటే మళ్లా అడిగే మొగోడు ఉండడు గదా!"

ఇదమ్మా సంగతి. డెబ్బై రెండేళ్లలో ఆళ్లగడ్డలో నన్ను వేలెత్తి చూపినవాడు లేడు. నిజం చెబితే పదకొండు కాపురాల్లో నిప్పు. చెప్పకపోతే అమ్మవారి బంగారం మింగిన సుబ్బయ్యను నేను.

ఇట్లు,
ఇంట్లోంచి కదలని మీ నాయన,
సుబ్బయ్య.

తా.క. వెంకటేశు తెచ్చిన టెంకాయను మీ అమ్మ చట్నీ చేసింది. నేను వద్దనేలోగా దోసె కూడా వేసింది. లేని అమ్మవారి టెంకాయ తిన్న పాపం ఎవరి ఖాతాలో పడుతుందో కొంచెం ఆలోచించు.


నంద్యాల,
19-8-2025, మంగళవారం.

నాయనకు సుజాత దణ్ణం పెట్టి, గబగబా రాస్తున్నది.

ప్రదర్శనకు ఎవరైనా రావచ్చు. వెంకటేశు చిన్నాయనే వచ్చి, అద్దం వెనక తన హారం, పక్కన గిల్టు అన్న కార్డు చూస్తే? మూటలన్నీ తిరిగి పంపేస్తాను. ముందు వరస ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. నీ పేరు చెడకూడదు. కాదంటే చిన్నాయనను ఒక్కడినే పిలిచి నిజం చెప్పెయ్యి. శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చు. ఏది చేసినా, కంగారులో విగ్రహానికి మాత్రం ఆర్డరు ఇవ్వకు!

ఇట్లు,
సుజాత.

తా.క. ఇచ్చేశావా?


ఆళ్లగడ్డ,
22-8-2025, శుక్రవారం.

నా వరాలతల్లి సుజాతకు, మోకాలు ఒప్పుకుంటే గంతులు వేసి ఉండే నాయన దీవించి రాస్తున్నది.

ఇవ్వలేదు. శిల్పి షెడ్డు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను.

మూటలు పంపకు! ఒక్కటి కూడా పంపకు! విను. నిజం చెప్పేద్దామని నిన్న వెంకటేశును పిలిపించాను. లోపలికి వచ్చి తనే తలుపు వేశాడు. నేను నోరు తెరిచేలోగా నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, మా హారం అమ్మవారి మెడలో ఎయ్యాకు. అది బంగారం కాదు."

నేను లేచి కిటికీ కూడా మూశాను.

"శనగ పంట దెబ్బతిన్న ఏడు అంకమ్మకు తెలీకుండా కుదువ పెట్టేకి కోయిలకుంట్లకు ఎత్తుకొని పోయింటి. కుదువ కొట్టాయప్ప గీటురాతి మీంద గీసి, నా మొగం చూసి నవ్వె. మా మామ పెండ్లిలో మోసం చేసినాడనుకుంటి. అంకమ్మకు వాళ్ల నాయనంటే ప్రాణం. తెలిస్తే తట్టుకుంటాదా? మళ్లా పెట్టెలో పెట్టేస్తి. అప్పటినుంచి ఆయమ్మ అది ఏసుకున్నప్పుడల్లా 'బంగారమంటే మీ నాయన పెట్టిందే' అని పొగుడుతానే ఉండా."

"మరి మొన్న నాలుగు తులాలంటివే?"

"వదిన వింటాండె గదా! ప్రతిష్ఠ ఎప్పుడో కనుక్కొని, అంతలోగా ఎట్లన్నా వెనక్కి తీస్కపోదామని వస్తి."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అమ్మవారు లేదు, విగ్రహం లేదు, నంద్యాలలో మా సుజాత అద్దాల బీరువా ఒక్కటే ఉందని చెప్పేశాను. తల గోక్కున్నాడు. అంతలో ముఖం వెలిగిపోయింది.

"మంచిదాయె! అద్దం ఎనకాల ఉంటే ఎవుడూ గీసి చూడడు. కానీ అమ్మవారు లేదని మా ఆడోళ్లకు చెప్పాకన్నా. పాపం, నమ్మి ఇచ్చినారు!"

వెంకటేశు ఊరికి పోయి ఏం చెప్పాడో గాని, పొద్దుగూకేలోగా మిగిలిన పదిమంది మొగుళ్లూ వచ్చారు. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే తలుపు వేశారు. అందరిదీ ఒకటే మాట, అందరూ ఎప్పుడో ఒకప్పుడు కుదువ కొట్టు మెట్లు దిగినవాళ్లే! బయట ఆటోలో కూర్చుని ఇదంతా చూసిన ఇస్సాకు, "ఏంది పెద్దాయనా, మా చర్చిలో తప్పులు ఒప్పుకునేకి గూడా ఇంతమంది రారు" అన్నాడు.

నలభై ఏళ్లు ఒకే పెట్టె, ఒకే హారం. నువ్వు బాధపడతావని ఆమె, నువ్వు బాధపడతావని ఈయన. ఎంత మంచి మనుషుల మధ్య బతికానో నాకు నిన్ననే తెలిసింది తల్లీ!

ఆదివారం ఇరవై రెండు మందీ ప్రదర్శనకు వస్తున్నారు. చూడాలని మొగుళ్లకు ఉబలాటం. మొగుళ్లు ఎక్కడ కనిపెడతారోనని పెళ్లాలకు భయం, అందుకని తోడు వస్తున్నారు. పేర్లు రాయకు. 'గిల్టు' అని మాత్రం నా అరచేయి అంత అక్షరాలతో రాయి. ఆలుమగలు పక్కపక్కన నిలబడి చదవనీ. ఎవరు ముందు నవ్వుతారో వాళ్ల ఇష్టం.

ఇట్లు,
ఆదివారం దాకా ఆగలేని మీ నాయన,
సుబ్బయ్య.

తా.క. ఈ డబ్బాలో పన్నెండో మూట ఒకటి ఉంది. అంకమ్మ తెచ్చిచ్చింది, ఎవరిదో చెప్పలేదు. విప్పగానే పోల్చుకున్నాను. నీ టీచరు ట్రైనింగు ఫీజు కోసం దాన్ని మీ అమ్మకు తెలియకుండా నంద్యాలకు తీసుకుపోయి, రాతి మీద గీయించి, మాట్లాడకుండా తెచ్చి పెట్టెలో పెట్టింది నేనే. మర్నాడు కాలేజీకి పోతే ఫీజు అప్పటికే ఎవరో కట్టేశారన్నారు. హారానికి ఇంకా నలభై నిండలేదు, ఇరవై రెండేళ్లదే. అయినా నడిమధ్యన పెట్టు. దాని కార్డు మీద మటుకు 'గిల్టు' అని చాలా చిన్న అక్షరాలతో రాయి. మీ అమ్మకు కనపడకూడదు. అదేమిటో చదివి చెప్పమని నన్ను అడగాలి.