సన్న కిటికీ

బావా,

లెక్చరరు గారి క్రికెట్ కార్డులను ఫ్రేము కట్టేందుకు పన్నెండు కిటికీలతో అట్ట కోసి బల్ల మీద పెట్టాను. కార్డులన్నీ ఒక్క కొలతలో లేవు. ఏ కార్డు ఏ కిటికీలోకో వెనక పెన్సిలుతో అంకె వేశాను. ఏదన్నా పట్టకపోతే కార్డు అంచు కోయబాక, కిటికీనే బ్లేడుతో కాస్త పెద్దది చెయ్యి. దేవుడి పటాలకు పూసినట్టు మైదా జిగురు పూయబాక. బబుల్‌గమ్‌తో వచ్చే కార్డులవి, చిన్నప్పుడు నమిలి నమిలి రెండేళ్లు పోగేసుకున్నాడంట ఆయన.

నవ్వుతావని తెలుసు, అయినా ఒకటి చెప్తా. మన పెళ్లి ఫొటో ఫ్రేములో పట్టలేదని, నా పక్కన నిలబడ్డ మా నాయనను కోసేశావు. నీకు సొంత మేనమామ గూడా. ఆరేళ్ల నుంచీ గోడ మీద ఆయన చెయ్యి ఒక్కటే నా భుజం మీద ఉంది.

నేను రాజుపాలెం పోతున్నా, నాయనను చూసి రేపు మధ్యాన్నానికి వస్తా. గోంగూర పచ్చడి ఉంది, అన్నం వండుకో.

ప్రభావతి

మర్చిపోయా. ఆ కోసిన ముక్కను పెట్టెలో దాచుకున్నా. మిగిలిన అట్టలో మన పెళ్లి ఫొటోకు ఒక పెద్ద కిటికీ, దాని పక్కనే ఒక సన్న కిటికీ కోసి, ముక్కతో సహా ఫ్రేములకు తెచ్చిన అద్దాల వెనక పెట్టాను. ఈసారి ఫ్రేమునే కొలతకు కోయి.