పొట్టు పొయ్యి మీద పప్పు

బూర్గంపాడు దగ్గరి తండా,
12 ఫిబ్రవరి 1987.

గోరి బాపుకు హేమ్లి నమస్కారాలు. ఇక్కడ అత్త బాగుంది, పాప గోరి బాగుంది, రెండు బర్రెలూ బాగున్నాయి. నేను బాగున్నానో లేదో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. మీరు ఇల్లందు బొగ్గు గనిలో బాగున్నారని మీ ఉత్తరం చూస్తేనే అర్థమైంది. కాస్త ఎక్కువే బాగున్నారు.

మీరు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. గోరి చెవి నొప్పి తగ్గింది, దవాఖానాలో చుక్కల మందు ఇచ్చారు. మిరప కోత సగం అయింది. మిగతా సగం మీ తమ్ముడు లాలు చూసుకుంటానన్నాడు. నల్ల బర్రె ఇంకా ఈనలేదు. అత్త మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను. ఇక మీరు కింద గీత గీసి మరీ అడిగిన కంపెనీ ఫ్యామిలీ క్వార్టర్ సంగతి. ఈ నెలాఖరులోగా ఫారం ఇవ్వకపోతే మీ పేరు కొట్టేస్తారని, మళ్ళీ లిస్టులోకి రావడానికి నాలుగేళ్ళు పట్టవచ్చని రాశారు. చదివాను, మరిచిపోలేదు. కానీ దానికంటే ముందు అజ్మత్ బీ సంగతి తేలాలి.

మీ పోయిన ఉత్తరంలో నా పేరు ఒక్కసారి ఉంది, అదీ పైన అడ్రసులో. గోరి పేరు రెండుసార్లు ఉంది. మీ పక్కింటి దర్జీ మక్సూద్ భార్య అజ్మత్ బీ పేరు మాత్రం ఏడుసార్లు. వేలు పెట్టి లెక్కబెట్టాను. గోరికి అంకెలు నేర్పిస్తున్నావా అని అత్త అడిగింది. అవునన్నాను.

ఇదంతా మొన్న దసరా నాటి ఉత్తరంతో మొదలైంది. నైట్ షిఫ్టు చేసి వచ్చి అన్నం మాడబెట్టుకుంటున్నానని రాశారు. చదివి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. తర్వాతి పేజీ తిప్పితే, పాపం చూడలేక అజ్మత్ బీ పుల్లటి పప్పు పంపిందని, కుంపటి మీద గంటల తరబడి ఉడికిన పప్పు వెన్నలా ఉందని, అసలు పప్పంటే ఇట్లా ఉండాలని రాశారు. నా కళ్ళ నీళ్ళు అక్కడే ఎండిపోయాయి. ఆరేళ్ళుగా నేను వండి పెడుతున్నది ఏంటి మరి, బర్రెల కుడితా?

ఆ వారమే పోయినేటి మిరపకాయలు అమ్మిన డబ్బులో కొంత కొంగున కట్టుకుని భద్రాచలం వెళ్ళాను. మీరు పొయ్యి మీద గిన్నె పెట్టి పడుకోవాలి, లేచేసరికి పప్పు మెత్తగా ఉడికి ఉండాలి, ఎవరి గడప వైపూ చూసే అవసరం రాకూడదు. నాకు కావలసింది అదే. గిన్నెల కొట్టు కిషన్‌లాల్ ముందు ప్రెషర్ కుక్కర్ తీసి చూపించాడు. నిద్రపోయే మనిషికి కూతలు ఎవరు లెక్కబెడతారు? పైగా దాని ధర వింటే నాకే కూత వచ్చింది. కిరోసిన్ స్టవ్ అన్నాడు. రేషన్ నూనె వారానికి కూడా రాదు. ఇత్తడి డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద బొగ్గులు పోసే కుక్కర్ ఒకటి చూపించాడు. అది మాత్రం నచ్చింది. నిదానంగా దానంతట అదే ఉడుకుతుందట. ధర అడిగి, దాన్ని మెల్లగా కింద పెట్టేశాను.

నా మొహం చూసి కిషన్‌లాల్ నవ్వాడు. "నిమ్మళంగ వండేది కావాలె, పైసలు పెట్టొద్దు అంటవ్. గట్లయితే రేకుల సిరాజుద్దీన్ కాడికి పో అమ్మా. పొట్టు పొయ్యి చేసిస్తడు" అన్నాడు.

సిరాజుద్దీన్ తాత నా కళ్ళ ముందే పాత నూనె డబ్బాకు కింద రంధ్రం కొట్టి పొయ్యి చేశాడు. నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి, కర్రతో ఎట్లా కూరాలో చూపించాడు. "గట్టిగ కూరాలె బిడ్డా. వదులుగ కూరితే సీసా తీయంగనే లోపలికి కూలుతది, పొగ తప్ప మంట రాదు. మంచిగ కూరితే నాలుగు గంటలు దాని దిక్కు సూడక్కర్లేదు" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. ఆ పొయ్యిని మీతో పనిచేసే జైరాం చేతికిచ్చి పంపాను. కూరే పద్ధతంతా కాగితం మీద బొమ్మ గీసి మరీ పెట్టాను. దాన్ని మీ మీద ప్రేమతో కొన్నానని మీరు మురిసిపోయారు. కాదు. అజ్మత్ బీ మీద కుళ్ళుతో కొన్నాను.

దానికి మీరు రాసిన జవాబు ఏంటి? పొయ్యి బ్రహ్మాండంగా ఉందట. బొగ్గుల ఊరిలో పొట్టు మీద వండుకునే మొనగాడివి నువ్వొక్కడివే అని అందరూ నవ్వుతున్నారట. కానీ మీ చేతికి పొట్టు కూరడం రావడం లేదట, మూడుసార్లు కూలిపోయిందట. అందుకని అజ్మత్ బీ రోజూ పొద్దున వచ్చి కూరిపెడుతోందట!

ఆ ఉత్తరం చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఆమె పప్పు మీ గడప దాటకూడదని నేను పొయ్యి పంపిస్తే, ఆ పొయ్యి ఆమెనే గడప దాటించి లోపలికి తెచ్చింది. పని చేస్తున్నా, బర్రె పాలు పిండుతున్నా ఒకటే కనబడేది. ఆమె మీ గదిలో గొంతుకూర్చుని సీసా పట్టుకుంటుంది, మీరు పక్కన నిలబడి పొట్టు పోస్తారు. ఆమె గాజులు ఏ రంగువో కూడా నేనే అనుకున్నాను. ఆకుపచ్చవి.

ఇప్పటిదాకా రాసింది మీకు చాలావరకు తెలిసిందే. ఇక తెలియనిది రాస్తాను. తిట్టాలనిపిస్తే వచ్చాక తిట్టండి.

పోయిన మంగళవారం నేను ఇల్లందు వచ్చాను. చింతపండు అమ్మడానికి భద్రాచలం పోతున్నానని అత్తకు అబద్ధం చెప్పాను. అద్దాల రవిక చూస్తే తండా మనిషినని తెలిసిపోతుందని, లాలు భార్య చీర అడిగి కట్టుకున్నాను. మొదటి బస్సుకు బయలుదేరి, కొత్తగూడెంలో మారి, పది గంటలకు మీ సందులోకి వచ్చాను. గాజులు చూద్దామని వచ్చాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మీ కిటికీ తెరిచే ఉంది. షిఫ్టు దిగి స్నానం చేసినట్టున్నారు, జుట్టు ఇంకా తడిగానే ఉంది. మీరొక్కరే ఉన్నారు. పొయ్యి ముందు గొంతుకూర్చున్నారు. సీసా నిలబెట్టారు. గుప్పెడు గుప్పెడు పొట్టు పోసి, కర్రముక్కతో చుట్టూ తిప్పుతూ కూరారు, సిరాజుద్దీన్ తాత కూరినట్టే. సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే లోపల గుంత ఒక్క పొట్టు రవ్వ కూడా రాలకుండా నిలబడింది. కింద నుంచి మంట అంటించారు. గిన్నె పెట్టి, మూత మీద చెంబుతో నీళ్ళు పెట్టి, చాప మీద ఒరిగారు. చేతికి రావడం లేదని రాసిన చేతులు అవేనా?

పిలవాలని నోటిదాకా వచ్చింది. ఇంతలో పక్కింటామె బిందె పట్టుకుని బయటికొచ్చి, ఎవరు కావాలని అడిగింది. కిరాయికి ఇల్లు చూస్తున్నానన్నాను. ఆమె గాజులు ఎర్రవి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. మనిషి బాగుంది, ఆ మాట రాయక తప్పదు.

"ఈ ఇంట్ల ఎవరుంటరు?" అన్నాను.

"రామ్‌చందర్ భాయ్. ఒక్కడే ఉంటడు."

"వంట ఎవరు చేస్తరు మరి?"

"ఆయనే. పెండ్లాం పొయ్యి పంపిందంట, మమ్మల్ని ముట్టనియ్యడు. మొదట్ల నాలుగు రోజులు నేను కూరి సూపెట్టిన. ఇప్పుడు నాకంటె మంచిగ కూరుతడు" అంది. బిందె నడుముకు ఎత్తుకుంటూ, "ఆయన చేసే పప్పు మా మక్సూద్ మియాకు మస్తు ఇష్టం. రోజూ మాకొక గిన్నె వస్తది. గసువంటి మొగుణ్ణి గిట్ల ఒక్కణ్ణి ఇడిసిపెట్టి, ఆ పిల్ల ఎట్లుంటదో ఏందో!" అంది.

మిమ్మల్ని లేపలేదు. వచ్చిన దారినే బస్టాండుకు వెళ్ళిపోయాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇన్నాళ్ళూ ఆమె మీకు వండిపెడుతోందని ఏడ్చాను. తీరా చూస్తే మీరు ఆమె ఇంటికి వండి పంపుతున్నారు! ఆ ఏడుసార్లూ నన్ను ఉడికించి రప్పించడానికే రాశారని నాకు తెలిసిపోయింది. తెలిసినా కుళ్ళు తగ్గలేదు, రెండింతలైంది. ఆరేళ్ళ కాపురంలో మీ చేతి ముద్ద నేను ఎప్పుడూ తినలేదు. ఆమె రోజూ తింటోంది. పైగా, ఆ గదిలో అన్నీ మీరే చేసుకుంటుంటే చూసి భయమేసింది. నేను లేకపోయినా మీకు జరిగిపోతోంది కదా అనిపించింది. ఏ ఆడదాన్ని తలుచుకున్నా అంత బాధ పడలేదు.

ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. "చింతపండు అమ్ముడు పోయిందా?" అని అడిగింది. పోయిందన్నాను. "చింతపండు అటుక మీదనే ఉన్నది గదనే" అంది. తర్వాత మెల్లగా, "ఎట్లున్నడు నా కొడుకు?" అని అడిగింది. సన్నబడలేదని చెప్పి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

అత్త పేరు ఎట్లాగూ వచ్చింది కాబట్టి అసలు తప్పు ఇక్కడే ఒప్పుకుంటాను. క్వార్టర్‌కు అత్త రానంటోందని మీకు మూడు ఉత్తరాల్లో రాశాను. అది అబద్ధం. అత్త ఎప్పుడో బట్టలు మూట కట్టుకుంది. మోకాలికి కంపెనీ దవాఖానా దొరుకుతుందని సంబరపడుతోంది. రానన్నది నేను. ఇక్కడికి మీరు సెలవు దొరక్క ఏడాదికి రెండుసార్లే వస్తారు. వచ్చిన నాలుగు రోజులూ నా చుట్టూనే తిరుగుతారు. అక్కడికొస్తే ఆ కాలనీ ఆడవాళ్ళ మధ్య నేనూ ఒకదాన్నే అవుతాను. వాళ్ళ పక్కన నిలబెట్టి చూసుకుంటే మీకు నేను తక్కువ అనిపిస్తానేమో అని భయపడ్డాను. నా భయాన్ని అత్త నెత్తిన వేశాను. ఆమెకు చెప్పి కాళ్ళు పట్టుకున్నాను. "నాకు ఎరకే" అంది. మీరు కూడా క్షమించాలి.

ఈ ఉత్తరం అందిన రోజే ఫారం నింపండి. అత్త పేరు కమ్లి అని, పాప పేరు గోరి అని, నా పేరు హేమ్లి అని రాయండి. బర్రెలను లాలు చూసుకుంటాడు, మాట్లాడాను. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నాను. నేను వచ్చిన రోజు పొయ్యి దగ్గరికి రాను, గడప దగ్గర కూర్చుంటాను. పొట్టు మీరే కూరాలి, పప్పు మీరే వండాలి, మొదటి గరిటె నా కంచంలో పడాలి. అజ్మత్ బీకి గిన్నె పంపవద్దని అనను. నేను తిన్న తర్వాత, నా చేతులతో నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

ఇట్లు,
ఇంకా కుళ్ళు తీరని మీ ఇంటిది,
గోరి అమ్మ, హేమ్లి.