వరలక్ష్మమ్మ నాలుగోసారి చెప్పింది

అమ్మా,

నాకేమీ కాలేదు, కంగారు పడొద్దు. ఫోను నీళ్లలో పడి పాడైంది, అందుకే ఈ కార్డు.

స్వర్ణముఖి వరదకు ఇళ్లు పోయినవాళ్ల దగ్గరికి మా చర్చివాళ్లం రోజూ వెళ్తున్నాం. నిన్న వరలక్ష్మమ్మ అనే పెద్దామె పక్కన కూర్చుని ప్రార్థన చేయబోయాను. "అది తర్వాత చేద్దువులేమ్మా. ముందు మా ఇంటాయన సంగతి ఇను," అంది. దూడను విప్పడానికి వెళ్లి ఆయన ఏట్లో కొట్టుకుపోయాడట. అదే మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి నా చెయ్యి పట్టుకుని, "దూడను ఇప్పుకొని రమ్మని నేనే పంపించినానమ్మా. ఈ మాట ఎవురికీ చెప్పలేదు," అని ఏడ్చింది. చెయ్యి వదలకుండా కూర్చున్నాను. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగింది. రెండు రోజులుగా ఏమీ ముట్టని మనిషి నాతో కలిసి తిన్నది.

జోయల్ మామతో నీ పాత చీరలు నాలుగు పంపించు. ఒంటిమీది చీర తప్ప ఆమెకేం మిగల్లేదు. నీ బీపీ మాత్రలు ఉన్నాయా? పాకాల చర్చిలో అందరికీ నా వందనాలు.

నాయన పోయిన రోజు సంగతి నువ్వు ఎత్తినప్పుడల్లా "మళ్లీ మొదలుపెట్టినావా" అని లేచిపోయేదాన్ని. ఆదివారం ఇంటికొస్తాను. మొదటి నుంచి చెప్పమ్మా, నేను లేవను.

నీ కృపారాణి