బాలింత గదిలో కుంపటి వద్దు

సుభద్రా,

ఝాన్సీ గదిలోంచి కుంపటి తీసి వాకిట్లో పెట్టాను. మీ అమ్మ "బాలింతకు సెగ తగలాలె" అని ఎంత అరిచినా మళ్లీ లోపలికి రానివ్వకు. నిన్న మన ఝాన్సీకి తల తిరిగింది నీరసంతో కాదు, బొగ్గుల పొగతో. పాత టేకు కిటికీల సందుల్లోంచి ఆ పొగ బయటికి పోయేది. నేను పెట్టించిన ఈ అల్యూమినియం కిటికీలకు రబ్బరు పట్టీలు బిగించారు, గాలి పోయే దారే లేదు. కిటికీ కొన్నాను గానీ కిటుకు కొనలేదు.

కిటికీ జానెడు తెరిచాను, మూయకు. దానిమీద గొంగడి వేలాడదీయి. ఉయ్యాల అవతలి గోడకు జరిపాను. చలికి ఆ కిటికీ చట్రానికి చెమట పట్టి నీళ్లు పొత్తిళ్ల మీద కారాయి. తడిగుడ్డలు మార్చు.

"టేకు తీసి రేకు పెట్టినవ్, ఇగ చూసుకొని మురువు" అన్నావు నిన్న. నేను అనాల్సిన మాట నువ్వనేశావు. నవ్వడానికి ఓపిక లేకపోయింది. బిడ్డకు చలిమిడి పెట్టాల్సినవాణ్ణి, చలి పెట్టాను.

పాత కిటికీలు ఇంకా టేకులపల్లిలో వడ్రంగి దూలయ్య దగ్గరే ఉన్నాయట. ఇవాళే బస్సులో వెళ్లి బతిమాలి తెచ్చుకుంటాను. నవ్వితే నవ్వనీ.

మరిచాను: పొద్దున మనవరాలి పిడికిలి ముట్టుకుంటే ఆ చట్రంలాగే చల్లగా ఉంది. వెచ్చబడేదాకా నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి బస్సు వెళ్లిపోయింది.