ఈ ఒడ్డున దించిన పాడె

నవంబర్ 8, శనివారం. ఉదయం 6:10

బండి కడిగాను. ఇవాళ నా ప్రయాణికులు వంతెనలు చూడటానికి వెళ్తారట. వారమంతా ఫ్లైఓవర్ల మీద ఇరుక్కుని ప్రపంచాన్నంతా తిట్టేవాళ్లు, శనివారం వచ్చేసరికి వంతెన చూడటానికి బండి మాట్లాడుకుంటారు! ఊళ్లల్లో ఉన్న పాత రాతి వంతెనలైతే హెరిటేజ్ అట.

ఈ ట్రిప్పుకంతటికీ నాయకుడు శేఖర్. సోమవారం నుంచి శుక్రవారం దాకా నా మినీబస్సు ఎక్కే కంపెనీ స్టాఫ్‌లో మేనేజర్. నిన్న ఫోన్ చేసి, పాస్టర్ గారూ, మీ బుక్‌లో బ్రిడ్జ్ మీద మంచి లైన్ ఉంటే పంపండి, పోస్ట్‌కి క్యాప్షన్ పెడతా అన్నాడు. నేను పాస్టర్ని కాను. ఏ కాలేజీలోనూ చదవలేదు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య స్టీరింగ్ మీద గ్రంథం ఆనించి చదువుకున్నవాడిని. ఆదివారం గోపన్‌పల్లిలో మా డాబా మీది రేకుల షెడ్డులో నోరు విప్పి వాక్యం చెబుతాను, అంతే.

అయినా వెతికాను. యొర్దాను, యబ్బోకు, అర్నోను, నదులకేం తక్కువ లేదు. అందరూ నీళ్లలో దిగే దాటారు, లేదంటే నీళ్లే పక్కకు తప్పుకున్నాయి. ఒక్క వంతెన కూడా నాకు దొరకలేదు. అదే చెప్పాను. అయితే మీ దేవుడి దగ్గర సివిల్ డిపార్ట్‌మెంట్ లేదన్నమాట అని నవ్వాడు. సముద్రాన్ని చీల్చినవాడికి సివిల్ డిపార్ట్‌మెంట్ ఎందుకండీ అని మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్కులు పడ్డాయి.

మధ్యాహ్నం 3:00

మొదటి వంతెన దగ్గర డ్రోన్. రెండో వంతెన దగ్గర బిర్యానీ. అందంగా ఉన్నాయి, కాదనను. ఆ కమానుల కింద నీళ్లు, నీళ్ల మీద కొంగలు. తిన్న ప్లేట్లు ఆ నీళ్లలోకే విసిరారు. ప్యాంటు మడిచి దిగి ఏరుకొచ్చాను. దాన్ని కూడా ఒకమ్మాయి వీడియో తీసింది.

నవంబర్ 9, ఆదివారం

నిన్న ఇంటికొచ్చాక రాయలేకపోయాను. అంత కోపం.

మూడో వంతెన సన్నది, ఒక్క బండి పట్టేంత. ఇవతల ఊరు, అవతల పొలాలు, శ్మశానం. పొద్దు వాలేటప్పుడు ఆ రాళ్లు బంగారం రంగు తిరుగుతాయట. ట్రాక్టర్లూ మోపెడ్లూ ఫ్రేమ్‌లోకి రాకుండా ఊరి వైపు బస్సు అడ్డం పెట్టమన్నాడు శేఖర్. ఐదే నిమిషాలు అన్నా, అన్నాడు. పెట్టాను.

డప్పులు వినిపించాయి. పెళ్లేమో అనుకున్నారు వీళ్లు, ఫోన్లు తీశారు. పెళ్లి కాదు. నలుగురి భుజాల మీద పాడె. చంద్రయ్య అనే ముసలాయన. వెనకాల జుట్టు విరబోసుకుని ఆయన భార్య మల్లమ్మ. ఎవడ్రా బండి అడ్డం పెట్టింది, తియ్‌రా అని ఊరివాళ్లు అరిచారు. జస్ట్ టూ మినిట్స్ అంకుల్, లైట్ పోతుంది అన్నాడు శేఖర్. శవాన్ని ఆగమన్నాడు! నేను సీట్లోకి ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాను. డ్రోన్ దిగేదాకా కదలొద్దని బానెట్ ముందు నిలబడి చేతులు అడ్డం పెట్టాడు. మనిషి ముందు నిలబడితే నేనేం చేస్తాను?

రెండు నిమిషాలు సాగుతూనే ఉన్నాయి. మోసేవాళ్ల భుజాలు ఆగలేదు. నా ముందు టైరు పక్కన పాడె దించేశారు. దించగానే వాళ్లలో వాళ్లకు గుసగుసలు మొదలయ్యాయి.

దింపుడు కళ్లం సంగతి నాకు తెలుసు. దారిలో పాడె ఒక్కసారే దించుతారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా ఉందేమోనని చనిపోయినవాడి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. దీని మీద నేను ఎన్నోసార్లు గర్జించాను. చచ్చినవారికి ఏమీ తెలియదని బైబిల్లో ప్రసంగి గ్రంథం చెప్పలేదా? చెవిలో అరిస్తే లేస్తాడా?

పిలవడానికి ఆయనకు కొడుకులు లేరు. మల్లమ్మే మోకాళ్ల మీద కూర్చుంది. మొదటిసారి పెదవులే కదిలాయి. రెండోసారి గాలి మాత్రం వచ్చింది. మూడోసారి, చంద్రయ్యా! అంది. డప్పులు ఆగిపోయాయి.

నేను తలెత్తి చూస్తే ఆమె ముఖానికి జానెడు దూరంలో శేఖర్ ఫోన్.

సువార్తలో నాయీను ఊరి గవిని దగ్గర కూడా ఒక పాడె ఆగింది. విధవరాలి కొడుకుది. ప్రభువు చెయ్యి వేసి ఆపాడు, లేపడానికి ఆపాడు. వీడు రీల్ కోసం ఆపాడు!

డ్రోన్ దిగాక బండి తీశాను. వాళ్లు వంతెన దాటేసరికి పొద్దు పూర్తిగా గూకింది.

నవంబర్ 11, మంగళవారం

రీల్ పెట్టేశాడు. అథెంటిక్ తెలంగాణ అని పేరు. ఆమె గొంతు వెనక వయొలిన్. కింద వేలకొద్దీ గుండె బొమ్మలు.

మా ఆవిడ లీదియాకు చూపించాను. మదీనాగూడ ఆసుపత్రిలో నర్సు, చావులు చూసిన మనిషి. అయినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి మిమ్మల్ని ఏవండీ, ఇదిగో అనడం తప్ప ఒక్కసారైనా మోషే అన్నానా అని అడిగింది. ఆ తల్లి బతుకంతా దాచుకుని ఒక్కరోజు పలికితే, దాన్నీ పాటలో కలిపేశారా అంది.

శేఖర్‌కి ఫోన్ చేశాను. పబ్లిక్ ప్లేస్ అన్నా, కన్సెంట్ అక్కర్లేదు, ఈ రీల్ వల్ల ఆ బ్రిడ్జ్ రిపేరుకి ఎవరైనా ముందుకొస్తారు, బిగ్ పిక్చర్ చూడండి అన్నాడు.

నవంబర్ 12

బిగ్ పిక్చర్! సాతాను కూడా ప్రభువుని ఎత్తైన కొండ మీదికి తీసుకెళ్లి చూపించింది బిగ్ పిక్చరే.

నవంబర్ 13, గురువారం. లంచ్ టైమ్

హైటెక్ సిటీలో వాళ్ల కంపెనీ గేటు ముందు, జ్యూస్ బండ్ల దగ్గర నిలబడి గ్రంథం తెరిచాను. వాక్యభాగం నాయీను. మైకు లేదు, నాకు అక్కర్లేదు. సెక్యూరిటీ అతను పరుగున వచ్చి, అన్నా, నా నౌకరి పోతది, జర అవతలికి జరుగు అన్నాడు. పాపం, అతని కోసం నాలుగడుగులు జరిగి, గొంతు ఇంకొంచెం పెంచాను. పునుగుల ప్లేట్లు పట్టుకుని జనం మూగారు. ఒకడు ఆమేన్ అన్నాడు, వెటకారంగానే. మీ పైఅంతస్తులో ఒకాయన విధవరాలి ఏడుపుకి వయొలిన్ కట్టించాడు, ఆయన పేరు చెప్పమంటారా అన్నాను.

శేఖర్ మెడలో ట్యాగ్ ఊగుతుండగా దిగొచ్చాడు. ప్లీజ్ అండీ, ఇక్కడ సీన్ వద్దు అన్నాడు. రేపు కూడా వస్తానండీ, అధ్యాయం ఇంకా చాలా మిగిలింది అన్నాను. నా కళ్ల ముందే ఫోన్లోంచి ఆ రీల్ తీసేశాడు. సోమవారం నుంచి వేరే బండి పెట్టుకుంటాం అన్నాడు. పెట్టుకో!

కేకకే యెరికో గోడ కూలింది. లీదియాకు చెప్పాను. సరే గానీ, ఆ తల్లికి చెప్పారా అని అడిగింది.

నవంబర్ 15, శనివారం

ఆ ఊరికి వెళ్లాను. మల్లమ్మ అరుగు మీద పత్తి కుప్ప పక్కన కూర్చుని ఉంది. గేటు దగ్గర నిలబడటం, శేఖర్ దిగిరావడం, వీడియో పోవడం, అన్నీ వివరంగా చెప్పాను. దావీదు కథ చెప్పినట్టే చెప్పాను.

ఫోన్ల ఏముంటే నాకేంది బిడ్డా, ఊరోళ్లు సూపిచ్చిన్రు, సూసిన అంది. తర్వాత, బండి ఎవల్ది గది? అని అడిగింది.

శేఖర్ ట్రిప్పమ్మా, ఆయనే పెట్టమన్నాడు అన్నాను.

ట్రిప్పు గాదు, బండి.

నాదే అన్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లో పాడెను వాగు దాటినాకే దించుతారట. ఆడ పిలిస్తె, లేచేటోడైతె లేస్తడు, లేకుంటె దారి వట్టి పోతడు. నువ్వు ఈ ఒడ్డుకే దించిపిస్తివి. పిలిచిన్నని ఇంటికే మర్లొచ్చిండు. పొద్దు గూకంగనే కొట్టం తలుపు కాడ నిలవడ్తుండు. ఎన్నడు పేరు పెట్టనిది పేరు పెట్టి పిలిస్తి, ఇగ నన్ను ఇడిసి ఎట్ల పోతడు? వారం నుంచి నాకు ముద్ద దిగుతలేదు అంది. చూస్తే తెలుస్తూనే ఉంది. ముంజేతులు పుల్లల్లా ఉన్నాయి.

గ్రంథం తెరిచి ప్రసంగి మాట చదవబోయాను. సదువుకో బిడ్డా, అయినంక బండి తే అంది. నీ బండే ఆపింది, నీ బండే దాటియ్యాలె.

ఏంటీ, నేనా! దయ్యాన్ని బస్సులో ఎక్కించుకుని వాగు దాటించాలా? అది అబద్ధం, అజ్ఞానం అని ఆమె అరుగు మీదే అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. మల్లమ్మ పత్తి తీసుకుంటూ కూర్చుంది. వచ్చేశాను.

సాయంత్రం

బానెట్ ముందు శేఖర్ ఉన్నాడు. నిజమే. నా బండికి వెనక గేరు లేదా?

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ షెడ్డులో ఎవరి మీదా గర్జించలేదు. ఒంట్లో బాగాలేదా అన్నా అని ముగ్గురు అడిగారు.

నవంబర్ 18, మంగళవారం. సాయంత్రం 5:40

బండి తీసుకుని ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. మల్లమ్మ ముందు సీట్లో కూర్చుంది. పక్క సీటులో నా సంచి ఉంటే తీసెయ్యమంది. మెల్లగా దాటించాను. అవతలి ఒడ్డున దిగి, శ్మశానం వైపు తిరిగి, పేరు పెట్టి పిలిచింది.

నేను ఇంజన్ ఆపేశాను, ఏమైనా వినబడుతుందేమోనని.